నూటికి ఎంతమంది?

(మన ప్రాంతంలో చదువును కొలిచిన తీరు: ఒక పాత గుమాస్తా చెప్పే చరిత్ర)



ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మొదట జంకాను. నేను పండితుణ్ణి కాను. 1971లో ఎల్.డి.సి.గా విద్యాశాఖలో చేరి, 2008లో సూపరింటెండెంటుగా రిటైరై, గన్నవరంలో ఇల్లు కట్టుకుని స్థిరపడినవాణ్ణి. డెబ్బై అయిదు దాటాయి. నాకు తెలిసిన చరిత్రంతా స్టేట్‌మెంట్లలోదే. ఎందరు చేరారు, ఎందరు పరీక్షకు కూర్చున్నారు, ఎందరు పాసయ్యారు, శాతమెంత – ఈ నాలుగు గళ్ళు ఎన్ని వేలసార్లు నింపానో లెక్కలేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ గళ్ళు ఎక్కడినుంచి వచ్చాయని ఆలోచించలేదు. రిటైరయ్యాక తీరిక దొరికి, దొరికిన పుస్తకాలు చదువుకున్నాను. తెలుసుకున్నదీ, కళ్ళారా చూసిందీ, చేతులారా చేసిందీ కూడా ఇక్కడ చెబుతాను. చివర్లో మన సంఘానికి ఒక చిన్న మనవి ఉంది. దయచేసి అంతదాకా ఓపిక పట్టండి.

ఇనస్పెక్టరుగారు వచ్చిన రోజు

మన జిల్లాలో ఇంగ్లీషు చదువు పాతదే. బందరులో రాబర్ట్ నోబుల్ దొరగారు పాఠశాల పెట్టింది 1843లో. మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది 1857లో. అంటే కొలిచే సంస్థకంటే పధ్నాలుగేళ్ళ ముందే మన దగ్గర బడి ఉందన్నమాట.

1854లో వుడ్ డిస్పాచ్ వచ్చింది. ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు ఇవ్వాలని అందులో నిర్ణయం. డబ్బు ఇస్తే లెక్క అడగడం సహజం కదా! ఆ లెక్క ఎలా అడగాలన్నదానికి ఇంగ్లండులో 1862లో ఒక పద్ధతి పెట్టారు. ఇనస్పెక్టరు బడికి వచ్చి పిల్లలను ఒక్కొక్కరినే చదివించి, రాయించి, లెక్కలు చేయించి చూస్తాడు. నెగ్గిన పిల్లవాడికి ఇంత అని బడికి సొమ్ము. తప్పినవాడి పేరున ఆ మేరకు కోత. దీన్ని ఫలితాన్నిబట్టి చెల్లింపు అన్నారు. మద్రాసు రాజధానిలో కూడా ఆ శతాబ్దం రెండో సగంలో ఇదే పద్ధతి నడిచింది. మన వీధిబడుల పంతుళ్ళు ఎందరో ఈ గ్రాంటు మీద ఆశతోనే సర్కారు లెక్కలోకి వచ్చారు.

ఇందులో మంచి లేకపోలేదు. అంతకుముందు ఎవరికీ పట్టని పల్లెటూరి బడిని సర్కారువారు వచ్చి చూశారు. రిజిస్టరు పెట్టడం, హాజరు వేయడం పంతుళ్ళకు అలవాటైంది. కాని పంతులుగారి బియ్యం గింజలు పిల్లవాడి నోటి చివర వేలాడేసరికి, చదువంతా ఇనస్పెక్టరు వచ్చే రోజుకోసమే అయింది. అడగబోయే పాఠాన్ని వల్లె వేయించడం, అడగనిదాన్ని వదిలేయడం, మందకొడి పిల్లవాడి మీద శ్రమపడితే లాభమేమిటని లెక్క వేసుకోవడం వచ్చాయి. ఇంగ్లండులో స్వయంగా ఇనస్పెక్టరుగా పనిచేసిన మాథ్యూ ఆర్నాల్డ్ అనే కవిగారే ఈ పద్ధతిని గట్టిగా విమర్శించాడు. ఆ శతాబ్దం ముగిసేలోగా ఇంగ్లండు దాన్ని వదిలేసింది. 1904లో కర్జన్ ప్రభుత్వం చేసిన విద్యా తీర్మానంతో మన దేశంలోనూ దానికి కాలం చెల్లింది.

పద్ధతి పోయింది కాని వాసన పోలేదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

మా నాన్నగారి పుస్తకం

విశ్వవిద్యాలయాలు వచ్చాక మెట్రిక్యులేషను ఒక గడప అయింది. దాటినవాడు లోపల, దాటనివాడు బయట. కన్యాశుల్కంలో వెంకటేశం పరీక్ష తప్పినవాడేనని మనందరికీ తెలుసు. ఆ రోజుల్లో తప్పినా గౌరవమే. మెట్రిక్ ఫెయిలు, బి.ఏ. ఫెయిలు అని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడేవారు కారు. అక్కడిదాకా వెళ్ళాడన్నదే ఒక అర్హత.

ఆ గడప ఎత్తు కూడా దేవుడు కొలిచి పెట్టింది కాదు. 1858లో కలకత్తా విశ్వవిద్యాలయం మొదటి బి.ఏ. పరీక్ష జరిపినప్పుడు గట్టెక్కినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరికీ ఒక సబ్జెక్టులో మార్కులు చాలకపోతే గ్రేసు మార్కులు కలిపి పాసు చేశారు. వారిలో ఒకరు బంకించంద్ర చటర్జీ! ఆ కొద్దిపాటి మార్కులూ కలపడానికి ఆనాటి పెద్దలు ఒప్పుకోకపోతే ఆయన కూడా బి.ఏ. ఫెయిలే.

ఒక్క పరీక్షతో మనిషిని తేల్చడం తగదని మద్రాసు ప్రభుత్వం 1910 ప్రాంతంలో ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి తెచ్చింది. మనలో పెద్దవయసువాళ్ళకు ఆ అట్ట పుస్తకం గుర్తుండే ఉంటుంది. బడిలో వచ్చిన మార్కులు, పబ్లిక్ పరీక్ష మార్కులు రెండూ అందులోకి ఎక్కేవి. ఉద్దేశం గొప్పది. పిల్లవాడి చదువు మొత్తం ఒకచోట కనిపించాలని. అందుకే మొదట్లో పాసు, ఫెయిలు అన్న మాటలకు బదులు చదువు పూర్తి చేశాడా, కాలేజీకి అర్హుడా అని రెండు రకాలుగా చూశారు. మన పాత సర్వీసు రిజిస్టర్లలో 'కంప్లీటెడ్' అనీ 'ఎలిజిబుల్' అనీ వేరువేరుగా ఉండేది ఇందుకే.

మా నాన్నగారి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉంది. ఆయన కంప్లీటెడ్. ఎలిజిబుల్ కారు. ఇంగ్లీషు దెబ్బ తీసింది. తెలుగు పద్యాలు వందలు నోటికి వచ్చిన మనిషి, కచ్చితమైన లెక్క మనిషి, ఆ ఒక్క మాట లేక సర్కారు కొలువుకు నోచుకోలేదు. ఊళ్ళో కరణంగారి దగ్గర లెక్కలు రాసుకుంటూ కాలం వెళ్ళబుచ్చారు. "మనం కంప్లీటెడేరా, ఎలిజిబుల్ కాదు" అని నవ్వుతూ అనేవారు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు ఉద్యోగం వచ్చినరోజున తెలిసింది. ఆర్డరు కాగితం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్ళిపోయారు.

నూటికి పద్దెనిమిది

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1929లో హార్టాగ్ అనే ఆయన అధ్యక్షతన ఒక కమిటీ దేశంలోని చదువు పరిస్థితి చూసింది. అప్పటిదాకా అందరూ బడులు ఎన్ని, పాసైనవారు ఎందరు అని లెక్కపెట్టేవారు. ఈ కమిటీ లెక్కను తిరగేసింది. ఫలానా సంవత్సరం ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు మూడేళ్ళ తరువాత ఏమయ్యారని అడిగింది. 1922-23లో ఒకటో తరగతిలో ఉన్నవారు నూరుమంది అనుకుంటే, 1925-26 నాటికి నాలుగో తరగతిలో కనిపించినవారు 18 మందే! మధ్యలో మానేయడాన్ని వృథా అనీ, ఉన్న తరగతిలోనే ఏళ్ళ తరబడి ఉండిపోవడాన్ని స్తంభన అనీ ఆ కమిటీ పేరు పెట్టింది.

ఒక గుమాస్తాగా నాకు ఈ లెక్క చాలా గొప్పదనిపిస్తుంది. ఎందుకంటే ఇది మొదటి గడిలోంచి మొదలవుతుంది. పరీక్షకు కూర్చున్నవాళ్ళనే లెక్కపెడితే కూర్చోనివాళ్ళు కాగితం మీదనుంచి మాయమవుతారు. చేరినవాళ్ళనుంచి లెక్కపెడితే ఎవరూ మాయం కాలేరు.

ఈ లోపల మన ప్రాంతంలో కాలేజీలు పెరిగాయి. సర్కారు కొలబద్దే వద్దనుకున్నవాళ్ళు కూడా మన జిల్లాలోనే ఉన్నారు. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు కలిసి 1910లో బందరులో జాతీయ కళాశాల నిలబెట్టారు. చదువుతోపాటు చేతిపని కూడా నేర్పాలన్నది వారి సంకల్పం. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టింది మన బెజవాడలోనే. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులు. 1930లో అది వాల్తేరుకు తరలిపోయింది. 1937లో బెజవాడలో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కాలేజీ వచ్చింది. విశ్వనాథవారు పాఠం చెప్పిన కాలేజీ అని మనకు అభిమానం.

స్వాతంత్ర్యం వచ్చాక 1948-49లో రాధాకృష్ణన్‌గారి కమిషను, విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక్క సంస్కరణ చెప్పమంటే పరీక్షల సంస్కరణే చెబుతామన్నది. 1952-53లో మొదలియారు కమిషను పిల్లవాడి ఏడాది పొడుగునా జరిగిన పని చూడమన్నది. కొఠారీ కమిషను 1966లో అదే మాట మరోవిధంగా చెప్పింది. మన రాష్ట్రంలో పి.యు.సి. పోయి 1969-70లో రెండేళ్ళ ఇంటర్మీడియేటు వచ్చింది. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. నేను ఉద్యోగంలో చేరిందీ ఆ ఏడాదే.

నేను చేసిన పని

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. కాలేజీ పేరు చెప్పను, ఊరూ చెప్పను. సంబంధించిన పెద్దలు లేరు కూడా. 1980ల మొదట్లో నేనొక జూనియర్ కాలేజీ ఆఫీసులో ఉన్నాను. కిందటి ఏడాది ఫలితాలు బాగా లేవని పైనుంచి చీవాట్లు వచ్చాయి. ఆ ఏడాది ప్రిన్సిపాలుగారు నన్ను పిలిచి హాజరు రిజిస్టర్లు తెమ్మన్నారు.

రూలు మీకు తెలిసిందే. 75 శాతం హాజరుండాలి. కొంత తగ్గినవారికి కండొనేషను ఫీజు కట్టించుకుని మినహాయించవచ్చు. మామూలుగా అలాంటివాళ్ళందరి జాబితా తయారుచేసి ఒకేసారి పుటప్ చేసేవాణ్ణి. ఆ ఏడాది జాబితాను రెండుగా చీల్చమన్నారు. యూనిట్ టెస్టుల్లో మార్కులు బాగున్నవాళ్ళకు మినహాయింపు. బాగోలేనివాళ్ళ ఫైలు పెట్టవద్దు. అంటే హాజరు తగ్గిందన్న పేరుతో వాళ్ళు పరీక్షకు కూర్చోకుండా పోతారు. నేను మారు మాట్లాడలేదు. నా చేతిరాత బాగుంటుందని అందరూ అనేవారు. ఆ రెండో జాబితా కూడా చక్కగానే రాశాను.

లెక్క ఎలా మారుతుందో ఉదాహరణకు చూడండి. నూరుమంది చేరారు. పదిహేనుమంది మధ్యలో మానేశారు. పాతికమందిని మనమే ఆపాం. అరవైమంది పరీక్ష రాస్తే నలభై అయిదుగురు పాసు. స్టేట్‌మెంటులో 75 శాతం అని వేస్తాం. తప్పేమీ లేదు, కూడిక సరిగానే ఉంది. కాని చేరిన నూరుమందిలో గట్టెక్కింది నలభై అయిదుగురే. మిగిలిన యాభై అయిదుగురిలో పరీక్ష రాసి తప్పినవారు పదిహేనుమంది. తక్కిన నలభైమందికి నా స్టేట్‌మెంటులో గడి లేదు.

ఫలితాలొచ్చాయి. కాలేజీకి అభినందన లేఖ వచ్చింది. నోటీసు బోర్డుకోసం దానికి నకలు టైపు చేసింది నేనే.

అంతకు రెండు నెలల ముందు ఒక రైతు ఆఫీసుకు వచ్చాడు. వాళ్ళబ్బాయి పేరు ఆ రెండో జాబితాలో ఉంది. కుర్రవాడు నాట్లప్పుడు, కోతలప్పుడు కాలేజీకి రాలేదు. మన డెల్టాలో శ్రావణమాసంలో ఒకసారి, కార్తీకమాసంలో ఒకసారి పొలం మనుషులను పిలుస్తుంది. కూలికి పెట్టుకోలేని ఇంట్లో కొడుకే వెళ్ళాలి. ఆ తండ్రి నన్ను అడిగింది ఒక్కటే. "బాబూ, పరీక్ష ఫీజు కట్టాం గదా, అదన్నా తిరిగిస్తారా?" ఒకసారి కట్టిన ఫీజు వాపసు ఇవ్వబడదని రూలు చెప్పాను. ఆయన తలగుడ్డ దులుపుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది ఆ కుర్రవాడు మళ్ళీ చేరలేదు. రిజిస్టరులో వాడి పేరుకు ఎదురుగా ఎర్రసిరా గీత గీసిందీ నేనే.

ఇనస్పెక్టరు రోజుల వాసన పోలేదని ముందు అన్నది ఇందుకే. కాలం మారింది, గ్రాంటు మారింది, కోటూ టోపీ పోయాయి. మందకొడివాణ్ణి లెక్కలోంచి తప్పించే ఉపాయం మాత్రం అలాగే ఉంది. ఇవాళ గన్నవరం నుంచి బెజవాడ దాకా హైవే మీద వెళుతుంటే ర్యాంకుల బోర్డులు ఎన్నో. బోర్డు మీద మొదటి పదిమంది ఫొటోలుంటాయి. పదకొండోవాడినుంచి చివరివాడిదాకా ఏమయ్యారో ఏ బోర్డూ చెప్పదు. ఫలితాల మర్నాడు పేపరు విప్పాలంటే నాలాంటివాళ్ళకు గుండె దడ.

అమెరికాలోనూ అదే గొడవ

మా చిన్నకోడలు అమెరికాలో ఉంటుంది. పెళ్ళయి వెళ్ళాక పిల్లలు పుట్టారు, చదువు ఆగింది. అక్కడ కమ్యూనిటీ కాలేజీలని ఉన్నాయట. ఇంటికి దగ్గరగా, తక్కువ ఫీజుతో, ఏ వయసువారైనా చేరగలిగే రెండేళ్ళ కాలేజీలు. ఇల్లినాయి రాష్ట్రంలో జోలియెట్ అనే ఊళ్ళో 1901లో ఇలాంటిది మొదలైంది. 1947లో ట్రూమన్ నియమించిన కమిషను వీటిని దేశమంతటా పెంచమన్నది. మా కోడలు సాయంత్రంపూట ఒక్కొక్క సబ్జెక్టే తీసుకుంటూ అయిదేళ్ళకు అకౌంటింగులో సర్టిఫికెట్లు సంపాదించి ఉద్యోగంలో చేరింది.

"మామయ్యగారూ, నేను మా కాలేజీ పాసు శాతంలో లేను తెలుసా?" అంది ఒకసారి ఫోనులో. ఏమిటా అని కనుక్కున్నాను. 1990లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ప్రతి కాలేజీ తన దగ్గర చేరినవారిలో ఎంతమంది చదువు పూర్తి చేశారో బయటపెట్టాలి. చేరినవాళ్ళనుంచి లెక్క మొదలుపెట్టారు కాబట్టి మన స్టేట్‌మెంటుకంటే మేలే. గడువు కూడా ఉదారంగా ఇచ్చారు. రెండేళ్ళ చదువుకు మూడేళ్ళు. అయితే మొదటిసారి కాలేజీలో చేరి, పూర్తికాలం చదివేవారినే అందులో లెక్కించారు. కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ కొద్దికొద్దిగా చదివేవారే. వాళ్ళెవరూ ఆ లెక్కలో లేరు. మధ్యలో నాలుగేళ్ళ కాలేజీకి మారినవాడిని కూడా అక్కడ పట్టా పుచ్చుకున్నవాడిగా లెక్కించరు. దాంతో కాలేజీ పనికిమాలినదిగా కనిపించేది. చాలాకాలం అభ్యంతరాలు వచ్చాక, 2015 తరువాత పార్ట్‌టైము వాళ్ళనూ, మళ్ళీ వచ్చి చేరినవాళ్ళనూ కలిపి ఎనిమిదేళ్ళదాకా చూసే మరో లెక్క కూడా తీయడం మొదలుపెట్టారు.

మన దేశంలోనూ 1995లో పుదుచ్చేరిలో కమ్యూనిటీ కాలేజీ మొదలైంది. తరువాత 2010లలో యు.జి.సి. ఇలాంటివాటికి నిధులిచ్చింది. కాలేజీలకు గ్రేడులివ్వడానికి 1994లో బెంగుళూరులో న్యాక్ ఏర్పడింది. విద్యార్థి బయటికి వెళ్ళి ఏమయ్యాడన్నది కూడా అది అడుగుతుంది. నా చివరి సర్వీసులో ఆ పట్టికలు నింపవలసివచ్చినప్పుడు, ఎర్రసిరా గీత పడినవాళ్ళకు ఇందులోనైనా గడి ఉందా అని వెతికాను. పదో తరగతికి 2012లో గ్రేడులొచ్చాయి, 2022లో మళ్ళీ మార్కులొచ్చాయి. కొలబద్దలు మారుతూనే ఉంటాయి. ఏ కొలబద్ద తెచ్చినా, ఇందులో ఎవరు లెక్కకు రావడం లేదన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలని నా అనుభవం.

తిరిగి వచ్చినవాళ్ళు

లెక్కలోంచి జారిపోయినవాళ్ళకు మళ్ళీ తలుపు తీసినవాళ్ళు మన తెలుగువాళ్ళలోనే ఉన్నారు. దుర్గాబాయమ్మగారు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా ఉండగా 1958లో, చదువు ఆగిపోయిన స్త్రీలకు తక్కువకాలంలో పూర్తయ్యే కోర్సులు పెట్టించారు. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో అదే మొదటిది. ముందు చదువుల సర్టిఫికెట్లు లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్నారు. మన ఆఫీసుల్లో అటెండరుగా చేరి, ఆదివారాలు క్లాసులకు వెళ్ళి, డిగ్రీ సంపాదించి ప్రమోషను పొందినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్ళకు ఎన్నేళ్ళు పట్టిందని ఎవరైనా అడిగారా?

అసలు మన సంగతి చూడండి. అకౌంట్స్ టెస్టు ఎన్నోసారికి గట్టెక్కాం? పుస్తకాలు చూసి రాయనిచ్చిన పేపర్లు కూడా తప్పినవాళ్ళం కాదూ! నాకు మూడుసార్లు పట్టింది. సర్వీసు రిజిస్టరులో మాత్రం పాసు అనే ఉంది, మూడుసార్లు అని లేదు. ఆ దయ మన పిల్లలకు ఎందుకు ఉండకూడదు?

ఇక మనవి. మన సంఘం ఏటా పెన్షనర్ల పిల్లలకు, మనవలకు ఎక్కువ మార్కులను బట్టి ప్రతిభా బహుమతులు ఇస్తున్నది. మంచిదే, కొనసాగనివ్వండి. దానితోపాటు ఇంకొక్క బహుమతి పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. చదువు మధ్యలో ఆగిపోయి తిరిగి వచ్చి పూర్తి చేసినవారికి అది ఇవ్వాలి. కొడుకైనా కోడలైనా, మనవడైనా మనవరాలైనా, ఏ వయసైనా ఫరవాలేదు. మార్కులు అడగవద్దు. ఎన్నోసారికి పాసయ్యారో వేదిక మీద చెప్పవద్దు. పూర్తి చేశారన్న కాగితం చూపిస్తే చాలు.

మొదటి ఏడాది ఖర్చుకు నా ఒక నెల పెన్షను ఇస్తాను. మా ఆవిడ కూడా ఒప్పుకుంది, కాబట్టి ఈ మాటకు తిరుగు లేదు. నా పేరు గాని, మా నాన్నగారి పేరు గాని దానికి పెట్టవద్దు. తలగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయిన ఆ తండ్రి పేరు నాకు గుర్తుంటే అదే పెట్టమనేవాణ్ణి. ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు. ఆ రోజున నేను అడగలేదు.

సెలవు.